మొదలెట్టే తేదీ ఏదండీ?

చర్చి ఆవరణలో వేయడానికి మొక్కలు కావాలని మా స్త్రీల సమాజం వాళ్ళం ఐదుగురం ఆటో మాట్లాడుకుని కడియం వెళ్ళాం. మందారాలూ, నూరువరహాలూ, గోడ పొడుగునా పెట్టడానికి క్రోటన్లూ తీసుకున్నాం. మొక్కలు ఆటోలోకి ఎక్కిస్తుంటే నర్సరీ గుమాస్తాని అడిగాను.

"మీ దగ్గర అంట్లు కట్టే ఒకావిడ ఉండాలి కదండీ. గుండె ఆపరేషనైన ఆవిడ. ఇవాళ రాలేదా?"

ఆయన చేతిలో ఉన్న నీళ్ళ పైపు కింద పడేసి నా వైపు చూశాడు.

"ఆవిడ పోయారు కదండీ. శ్రావణంలో."

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాకొక మాట చెప్పకుండా ఎలా పోతుంది అనిపించింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్ళకి ఆ కోపం అర్థమవుతుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎక్కడున్నా లేచొచ్చి "నన్నడిగే రాశారా సిస్టరుగారండీ?" అని నిలదీస్తుంది. అడగకుండా తన ఒంటి మీద గాని, తన కాగితం మీద గాని ఎవరు చెయ్యి వేసినా ఊరుకునే మనిషి కాదు.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎండోస్కోపీ గది సిస్టర్‌గా చేసేదాన్ని. నోట్లోంచి గొట్టం పోనిచ్చి కడుపు లోపల చూసే పరీక్ష మా వైపు అప్పటికి కొత్త. రామచంద్రపురం నుంచి, కోనసీమ నుంచి, మెట్ట ఊళ్ళ నుంచి జనం వచ్చేవారు. వాళ్ళకి పరీక్ష రోజు చెప్పి, ఎలా రావాలో చీటీ రాసివ్వడం నా పని. ముందురోజు రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ తినకూడదు. తోడు మనిషి ఉండాలి. రక్తం పల్చబడే బిళ్ళలు వాడేవాళ్ళు వారం ముందు నుంచి ఆపి రావాలి. ఈ మూడో వాక్యం ఎన్ని వందల చీటీల మీద రాశానో లెక్కలేదు. రాసేటప్పుడు నా చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, గట్టి భుజాలు, పాలిపోయిన మొహం. ఎడమచేతి వేళ్ళకి సైకిలు ట్యూబు ముక్కలు ఉంగరాల్లా తొడిగి ఉన్నాయి. వెనకాల ఒక గుడ్డసంచీ పట్టుకుని వాళ్ళాయన. కొన్నాళ్ళుగా విరేచనం నల్లగా, తారులాగా అవుతోందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తం పరీక్ష చేస్తే సగానికి సగం తక్కువుంది. లోపల ఎక్కడో కారుతోందని వాళ్ళ ఊరి డాక్టరు మా దగ్గరికి పంపాడు.

చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి ఆవిడ గుండె కవాటం చెడిపోయింది. ఆరేళ్ళ కిందట హైదరాబాదులో ఛాతీ కోసి దాని స్థానంలో లోహపు వాల్వు పెట్టారు. ఆ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్ళూ రోజూ బిళ్ళ వేసుకోవాలి. నేను మామూలుగా చీటీ రాసిచ్చాను.

ఆవిడ పక్కకి వెళ్ళకుండా నా బల్ల ముందే నిలబడి, పెదాలు కదుపుతూ చదివింది. ఏడో తరగతి దాకా చదువుకుందని తర్వాత తెలిసింది. చదివి, చీటీ తిప్పి వెనక చూసింది. వెనక ఏమీ లేదు.

"ఆపే తేదీ రాశారండి. మొదలెట్టే తేదీ ఏదండీ?"

"అది పరీక్షయ్యాక డాక్టరుగారు చెప్తారమ్మా."

"చెప్పకపోతేనండి?"

"ఎందుకు చెప్పరు?"

"మర్చిపోతారండి. మీకు రోజుకి ఎంతమందండీ! నాకు వాల్వు ఒక్కటేనండి."

వెనకున్నవాళ్ళు విసుక్కుంటున్నారు. "కాస్త పక్కకి జరగమ్మా" అన్నాను. జరగలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. ఇక పని కాదని డాక్టరుగారి గదిలోకి పంపాను. మా డాక్టరుగారి చెయ్యి ఎంత మెత్తనో మాట అంత కారం. ఆయనే సర్దిచెప్తారు, నా తలనొప్పి తీరుతుంది అనుకున్నాను.

తలుపు తెరిచే ఉంది. మాటలు బయటికి వినబడుతున్నాయి.

"నేను బిళ్ళ ఆపనండి. ఆపకుండా చూస్తారాండీ?"

"లోపల ముక్క తీయాల్సొస్తే? రక్తం ఆగకపోతే ఎవరిది పూచీ?"

"ఆపితే, వాల్వు పట్టేస్తే ఎవరిదండీ పూచీ?"

"ఇక్కడ డాక్టరు ఎవరమ్మా? నువ్వా, నేనా?"

"మీరేనండి. అందులో అనుమానం ఏముందండీ? వాల్వు మాత్రం నాదండి."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తర్వాత డాక్టరుగారు గట్టిగా "అయితే ఇంకెక్కడైనా చేయించుకో! సిస్టర్, తర్వాత వాళ్ళని పంపు" అన్నారు.

"ఆయ్" అని ఆవిడ బయటికొచ్చి వరండాలో బెంచీ మీద కూర్చుంది. వాళ్ళాయన సంచీ భుజాన వేసుకుని "పోదాం పద, బస్సుంది" అన్నాడు.

"కూచోండి" అంది.

ఆయన కూర్చున్నాడు. పన్నెండయింది, ఒకటిన్నరయింది. ఓపీ పలచబడింది. ఆవిడ సంచీలోంచి గిన్నె తీసి అన్నంలో గోంగూర పచ్చడి కలిపి వాళ్ళాయనకి పెట్టి, తనూ తింది. నాకు ఒకపక్క విసుగు, ఇంకోపక్క జాలి. దగ్గరికెళ్ళి కూర్చున్నాను. అంత దగ్గరగా కూర్చుంటే ఆవిడ ఛాతీలోంచి వాల్వు చప్పుడు సన్నగా వినబడుతోంది.

"ఎందుకమ్మా ఇంత మొండితనం? వారం రోజులే కదా" అన్నాను.

ఆవిడ గిన్నె మూత పెట్టి, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

హైదరాబాదు ఆసుపత్రిలో ఆవిడ పక్క మంచం మీద రామచంద్రపురం టీచరమ్మ ఒకామె ఉండేదట. ఇద్దరికీ ఒకే వారంలో ఆపరేషన్లు. ఇద్దరికీ ఒకే రకం వాల్వు. ఇంటికొచ్చాక ఇద్దరూ నెలనెలా కార్డు ముక్క రాసుకునేవారు. ఈ బిళ్ళ వాడేవాళ్ళకి రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పరీక్ష ఒకటుంది, పీటీ అంటాం. కార్డు మీద ఆ నెల పీటీ ఎంతొచ్చిందో రాసేవారు. నాది రెండున్నర, నాది మూడు, నాది కొంచెం ఎక్కువైంది, బిళ్ళ తగ్గించారు. క్షేమసమాచారాలన్నీ ఆ అంకెలోనే.

"ఆవిడకి దవడ పన్ను పుచ్చిందండి. పీకాలి, బిళ్ళ ఆపి రమ్మన్నారంట. ఆపింది. పన్ను బాగానే పీకారండి. పుండు కూడా మానిందంట. మళ్ళీ ఎప్పుడేసుకోవాలో ఆళ్ళు చెప్తారని ఈవిడ చూసింది. ఈవిడకి తెలుసు కదా అని ఆళ్ళు ఊరుకున్నారు. మూడు వారాలండి. ఒకరోజు స్కూల్లో పాఠం చెప్తా చెప్తా కూలబడిపోయింది. కాకినాడ తీసుకెళ్తంటే దార్లోనే పోయింది."

ఆవిడ నా కళ్ళలోకి చూసింది.

"ఆపమన్నోళ్ళు ఉన్నారండి. మొదలెట్టమన్నోళ్ళే లేరు."

ఆ వరండాలో కూర్చుని నేను రాసిచ్చిన చీటీలు గుర్తుచేసుకున్నాను. వారం ఆపి వచ్చినవాళ్ళలో మళ్ళీ మొదలెట్టమని నేను ఎంతమందికి చెప్పాను? కొందరికి చెప్పాను. డాక్టరుగారు చెప్పి ఉంటారని కొందరిని వదిలేశాను. సిస్టర్ చెప్పి ఉంటుందని ఆయన ఎంతమందిని వదిలేశారో. ఆ వదిలేసినవాళ్ళు ఇంటికెళ్ళి ఏమయ్యారో మాకెవరికీ తెలియదు. మా దగ్గరికి తిరిగి రాకపోతే నయమైపోయిందనే అనుకునేవాళ్ళం.

లోపలికెళ్ళి డాక్టరుగారికి టీచరమ్మ సంగతి చెప్పాను. ఆయన అన్నం తినబోతున్నవారు డబ్బా పక్కకి నెట్టి, కాకినాడలో ఆవిడని చూసే గుండె డాక్టరుకి ఫోను కలపమన్నారు. లైను దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అవతలివైపు ఏమన్నారో నాకు వినబడలేదు గాని, మా డాక్టరుగారు "అలాగా... ఊరికే చూసి చిన్న ముక్క తీయడానికైతే అక్కర్లేదంటారా... సరే, పీటీ చూసి చేస్తాను" అనడం విన్నాను.

పీటీ చేయించాం. ఉండాల్సిన చోటే ఉంది. మర్నాడు పొద్దున బిళ్ళ ఆపకుండానే గొట్టం వేశారు. చిన్నపేగు మొదట్లో పుండు కనబడింది. అంచు నుంచి రక్తం చెమర్చి ఆగిపోయినట్టుంది. చిన్న ముక్క తీశారు. నాలుగు చుక్కలు వచ్చి ఆగిపోయింది.

గొట్టం తీశాక డాక్టరుగారు అడిగారు. "నొప్పి బిళ్ళలేమైనా వేసుకుంటున్నావా?"

ఆవిడ మొదటిసారి తల దించుకుంది. రోజంతా గొంతుక్కూర్చుని అంట్లు కట్టే పని. మోకాళ్ళు పట్టేస్తుంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్ళలు రెండు నెలలుగా పూటకొకటి మింగుతోందట.

డాక్టరుగారికి ఇప్పుడు సమయం దొరికింది. "ఈ బిళ్ళతో ఆ బిళ్ళ కలిపి వాడకూడదని నీకెవరూ చెప్పలేదా? నన్ను మాత్రం అన్ని ప్రశ్నలు అడిగావే!"

"చెప్పారండి. మోకాళ్ళు మాట వినలేదండి." తలెత్తింది. "ఇది నా తప్పేనండి. రాసుకోండి."

డాక్టరుగారు నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. నేను కేసు షీటులో నిజంగానే రాశాను. 'నొప్పి బిళ్ళలు వాడినట్టు రోగి ఒప్పుకున్నారు.' ఆవిడ అది చదివి, చాలన్నట్టు తలాడించింది.

ఆ తర్వాతి సోమవారం డాక్టరుగారు నా బల్ల దగ్గరికొచ్చి, చీటీల కట్ట తీసుకుని, మూడో వాక్యం కొట్టేశారు. బిళ్ళలు వాడేవాళ్ళని ముందు తన దగ్గరికే పంపమన్నారు. ఆపాల్సివస్తే ఆపే తేదీ, మొదలెట్టే తేదీ ఒకే వరసలో ఉండాలన్నారు. రెండో గడి ఖాళీగా ఉంటే చీటీ రోగి చేతికి వెళ్ళకూడదన్నారు. ఎవరి వల్ల అన్నది మాత్రం ఆయన అనలేదు.

ఆ పుండు మందులతో మానింది. అయినా ఆవిడ రాజమండ్రి వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర ఆగేది. నెలకోసారి పీటీ చేయించుకోవడానికి వచ్చేది. వస్తే ఊరికే రాదు, సంచీలో చిన్న కవరులో ఏదో ఒక మొక్క. మా ఆసుపత్రి మెట్ల పక్క గులాబీలన్నీ ఆవిడ ఇచ్చినవే. నీళ్ళు సరిగ్గా పోస్తున్నామో లేదో వేలు మట్టిలోకి గుచ్చి చూసేది. ఎండిపోయి ఉంటే వాచ్‌మన్‌కి తిట్లు.

ఆకుకూరల్లో ఉన్న గుణం ఈ బిళ్ళకి ఎదురు పనిచేస్తుంది. అందుకని ఎక్కడికెళ్ళినా ఆవిడకి "గోంగూర మానెయ్, తోటకూర మానెయ్" అని చెప్పేవారు. నేనూ చెప్పాను.

"ఒకరోజు తిని ఒకరోజు మానితేనే కదండీ తేడా? నేను రోజూ పిడికెడు తింటానండి. ఇదిగో, ఈ పిడికెడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. నా గోంగూరకి సరిపడా బిళ్ళ మీరు రాయండి."

కాకినాడ డాక్టరుగారు ఆ లెక్కకే బిళ్ళ కుదిర్చారు. ఆవిడ పీటీ నెలల తరబడి అటూ ఇటూ కదిలేది కాదు. భయపడి ఆకుకూర ముట్టనివాళ్ళ పీటీలు పెళ్ళివిందు తిన్న వారంలో తలకిందులయ్యేవి.

కత్తి విషయం కూడా అంతే. అంటు కట్టడమంటే పదునైన చిన్న కత్తితో కొమ్మని ఏటవాలుగా చెక్కాలి. చెయ్యి జారితే మామూలు మనిషికి చుక్క రక్తం, ఆవిడకి గంటసేపు. ఆ పని మానేయమని అందరూ చెప్పారు. నర్సరీ యజమాని కూడా కుండీలకి మట్టి నింపే పనికి మారమన్నాడట. మారలేదు. సైకిలు ట్యూబు కోసి వేళ్ళకి తొడుక్కుంది.

"కత్తి పట్టుకున్నప్పుడు నేను ఎవరితో మాటాడనండి. పరాకు ఉన్నోళ్ళకి తెగుద్ది. నాకు పరాకు లేదండి" అంది. తర్వాత కొంచెం ఆగి, "రెండుసార్లు తెగిందనుకోండి. అది నా లెక్క" అంది.

మూడేళ్ళు గడిచాయి. మళ్ళీ ఆవిడ మొహం పాలిపోవడం మొదలైంది. ఈసారి నొప్పి బిళ్ళ ఒక్కటి కూడా వేసుకోలేదని, నేను అడక్కముందే చెప్పింది. పైనుంచి చూస్తే ఏమీ లేదు. కిందనుంచి పెద్దపేగు చూడాలన్నారు. ఉప్పునీళ్ళ మందు సీసాలకి సీసాలు తాగి, "ఇది మాత్రం మీరెవరూ తాగి చూసి ఉండరండి" అని ఒక మాట అనేసి పరీక్షకి ఎక్కింది. పెద్దపేగులో కాడతో వేలాడే కండ కనబడింది, పెద్ద ఉసిరికాయంత. దాన్ని తీగతో ఉచ్చు వేసి, కరెంటు పెట్టి కోసేయాలి. ఉంచితే రక్తం కారుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకి కాన్సర్ కూడా కావచ్చు.

డాక్టరుగారు ఆవిడని, వాళ్ళాయనని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "అప్పుడు నువ్వు చెప్పింది నిజం. ఇప్పుడు నేను చెప్పేది విను. అప్పుడు చూడ్డం, చిటికెడు గిల్లడం. ఇప్పుడు కాడ కోయాలి. ఈసారి బిళ్ళ ఆపకుండా కోస్తే నువ్వు నా చేతిలోనే పోతావు."

ఆవిడ చేతులు ఒళ్ళోకి తీసుకుంది. అంత భయం ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. "వాల్వుకి ఏది దిక్కండి మరి?" అంది, చిన్న గొంతుతో.

ఆయన కాగితం తీసుకుని గీత గీసి చూపించారు. బిళ్ళ ప్రభావం పోవడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మూడో రోజు నుంచి ఆసుపత్రిలో ఉంచి, బిళ్ళ బదులు హెపారిన్ అనే మందు డ్రిప్‌లో ఎక్కిస్తారు. అది గంటల మందు. ఆపితే గంటల్లో పోతుంది, పెడితే వెంటనే పట్టుకుంటుంది. కోయడానికి కొన్ని గంటల ముందు ఆపి, కోశాక సాయంత్రం మళ్ళీ మొదలు. అదే రోజు బిళ్ళ కూడా. ప్రతిదానికీ రోజు, గంట రాశారు. డ్రిప్ మొదలు సాయంత్రం ఆరు అని రాశారు.

ఆవిడ కాగితం మొత్తం చదివింది. "ఆరింటికి ఎవరుంటారండి?"

ఆ రోజు నా డ్యూటీ రెండింటికే అయిపోతుంది. "నేనుంటాను" అన్నాను.

"ఉంటారాండీ?"

"ఉంటాను."

కండ తీయడం సాఫీగానే అయింది. పన్నెండు లోపలే వార్డుకి తెచ్చేశాం. కానీ కాడ మొదట్లో కొంచెం రక్తం ఊరుతూ ఆగిందని డాక్టరుగారికి అనుమానం. ఆరింటికి నేను హెపారిన్ సీసా సిద్ధం చేసుకుని నిలబడితే, ఆయన వచ్చి చూసి, "ఇప్పుడొద్దు సిస్టర్. రేపు పొద్దున చూద్దాం" అన్నారు.

ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. "ఆరింటికని రాశారండి."

"రాసింది నేనే కదమ్మా. మారుస్తున్నాను."

"మార్చండి. ఎన్నింటికో రాసి మార్చండి. రేపు పొద్దున అంటే ఎన్నింటికండి? ఎవరు పెడతారండి? ఈవిడ ఇంటికి ఎల్లిపోతారు. ఇంకో సిస్టరు వస్తారు. 'డాక్టరుగారు చెప్పలేదు' అంటారు. డాక్టరుగారేమో 'ఇంకా పెట్టలేదా' అంటారు."

"నీ మీద నాకు కోపం తెప్పించకు."

"కోపం తెచ్చుకోండి. గంట మాత్రం రాయండి."

డాక్టరుగారు నా వైపు చూశారు, ఈవిడని ఊరుకోబెట్టు అన్నట్టు. పదమూడేళ్ళ ఉద్యోగంలో నేను ఏ డాక్టరుకీ ఎదురు మాట అనలేదు. మా శిక్షణలో మాకు ముందు నేర్పింది అదే. అయినా అన్నాను.

"కాకినాడ ఫోను చేసి అడుగుదాం సర్. ఏ సంగతీ తేలేదాకా నేను ఇక్కడే ఉంటాను."

"అడుగుదామా?" అన్నారాయన. 'దాం' అన్న ముక్కని ఒత్తి పలికారు.

"అవును సర్."

ఆయన విసురుగా వెళ్ళిపోయారు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. పావుగంటకి తిరిగొచ్చారు. ఫోను చేశారట. గుండెలో ఆవిడ వాల్వున్న చోట గడ్డ తొందరగా కడుతుందని, తెల్లారేదాకా ఊరికే వదలొద్దని, ఎనిమిదింటికి మొదలెట్టమని, ముందు ఎక్కువ మోతాదు ఇవ్వకుండా మెల్లగా పోనివ్వమని గుండె డాక్టరు చెప్పారట. మా డాక్టరుగారు కాగితం మీద ఆరు కొట్టేసి ఎనిమిది వేసి, ఆవిడ చేతికిచ్చారు. ఎనిమిదింటికి నేను డ్రిప్ పెట్టాను. సీసాలో చుక్క పడటం చూసి ఆవిడ వెనక్కి వాలింది.

ఇక్కడితో అంతా సుఖాంతం అని రాయగలిగితే బాగుండేది. మర్నాడు పదకొండింటికి ఆవిడకి రెండుసార్లు ఎర్రటి రక్తం పడింది. డ్రిప్ ఆపి మళ్ళీ గదిలోకి తీసుకెళ్ళాం. కోసిన కాడ నుంచి రక్తం కారుతోంది. డాక్టరుగారు అక్కడే సూదిమందు వేసి, కాడ మొదలుని ఇంకో ఉచ్చుతో బిగించారు. ఒక సీసా రక్తం ఎక్కించాం. నాకు ఏడుపొచ్చేస్తోంది. నిన్న నేను ఆ మాట అనకపోతే ఈ రక్తం పోయేది కాదేమో అని.

డాక్టరుగారూ అదే అన్నారు, కోపంగా కాదు, అలసటగా. "రేపటిదాకా ఆగి ఉంటే ఈ గొడవ లేకపోయేది."

ఆవిడ పెదాలు తెల్లగా ఉన్నాయి. అయినా మాట స్పష్టంగానే వచ్చింది.

"రక్తం కారితే కనబడుద్దండి. మీరు పరిగెత్తుకొచ్చి కట్టేశారు. లోపల గడ్డకడితే ఎవరికి కనబడుద్దండి? మా టీచరమ్మకి ఎవరికి కనబడింది?"

ఆయన మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆసుపత్రిలో ఆయన రోగి పక్కన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. కాసేపటికి జేబులోంచి పెన్ను తీసి, "మళ్ళీ ఎన్నింటికి మొదలెడదాం?" అన్నారు. అడిగింది నన్ను కాదు, ఆవిడని. ఇద్దరూ మాట్లాడుకుని సాయంత్రం ఏడు అనుకున్నారు. ఈసారి రక్తం పడలేదు. ఆ రోజు తొందరపడ్డామా, సరిగ్గానే చేశామా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ బతికింది. కండ పరీక్షలో కాన్సర్ లేదని వచ్చింది. తొమ్మిదో రోజు, పీటీ ఉండాల్సిన చోటికి వచ్చాక, తన కాళ్ళ మీద తాను నడిచి బస్సెక్కింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అంట్లు కట్టింది. నేను వేరే ఆసుపత్రికి మారాను. రాకపోకలు తగ్గాయి.

కడియంలో ఆ మాట విన్నాక నేను ఆటోలో మావాళ్ళని ముందు వెళ్ళిపొమ్మని, గుమాస్తా చూపించిన దారిన కాలవ గట్టు పక్కనున్న వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. ఎప్పుడూ సంచీ మోస్తూ వెనక నిలబడే ఆ మనిషి గొంతు సరిగ్గా వినడం నాకు అదే మొదలు.

ఆషాఢంలో జ్వరం పట్టుకుందట. కాకినాడ తీసుకెళ్తే వాల్వుకి పురుగు పట్టింది, ఇన్‌ఫెక్షన్ అన్నారట. మళ్ళీ ఛాతీ కోసి వాల్వు మార్చాలి, హైదరాబాదు వెళ్ళమన్నారు. చేయించుకుంటే ఎంత ఆశ, చేయించుకోకపోతే ఎంత అని ఆవిడ అడిగింది. కాకినాడలో చూసిన డాక్టరు కొత్తగా వచ్చిన కుర్రవాడే, కానీ దాచకుండా చెప్పాడట. రెండోసారి కోస్తే బల్ల మీదే పోవచ్చు, కోయకపోతే కొన్ని వారాలు. ఆవిడ ఒకరోజు గడువు అడిగింది. మర్నాడు పొద్దున "ఇంటికి పోదామండి" అంది.

"సంతకం పెట్టమని ఒక కాగితం ఇచ్చారండి" అన్నాడాయన. లేచి లోపలికెళ్ళి, ఆవిడ ఫైలు తెచ్చి, అందులోంచి దాని జిరాక్సు తీసి నా చేతిలో పెట్టాడు. చికిత్స వద్దని వెళ్ళిపోయేవాళ్ళ చేత పెట్టించే మామూలు కాగితమే. అలాంటివి నేను వందల మంది చేత సంతకం పెట్టించాను. 'వైద్యుల సలహాను ధిక్కరించి, నా సొంత బాధ్యత మీద ఆసుపత్రి విడిచి వెళ్ళుచున్నాను' అని అచ్చువేసి ఉంటుంది.

'ధిక్కరించి' అన్న మాట మీద అడ్డంగా గీత ఉంది. దాని పైన, ఏడో తరగతి అక్షరాలతో, కొంచెం వంకరగా, 'విని, అర్థం చేసుకుని' అని రాసి ఉంది.

"ఫారం మీద కొట్టేయకూడదని నర్సమ్మ ఒప్పుకోలేదండి. 'నేనెవర్నీ ధిక్కరించలేదమ్మా, అడిగాను. ఆయన చెప్పాడు. విన్నాను. అదే రాయండి' అందండి. అది మారిస్తే గాని సంతకం పెట్టనని మంచం మీదే కూచుంది. గంటన్నర. ఆఖరికి ఆ కుర్ర డాక్టరుగారే వచ్చారండి."

ఇంటికొచ్చాక పందొమ్మిది రోజులు బతికిందట. అందులో నాలుగు రోజులు నర్సరీకి కూడా వెళ్ళిందట.

కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూశాను. కింద ఆవిడ సంతకం. పైన, కొట్టేసిన మాట పక్కన, ఆ దిద్దుబాటు తనకి సమ్మతమేనని డాక్టరు పెట్టిన పొట్టి సంతకం.